ఉద్యోగ సంతృప్తి వేరు, ప్రేరణ వేరు: ఫ్యాక్టరీలో సర్వే చేయబోయేవారికి సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒక మందుల ఫ్యాక్టరీలో ఎం.బి.ఎ. ప్రాజెక్టు. మొత్తం 600 మంది: పర్మనెంట్ కార్మికులు 240, కాంట్రాక్టు కార్మికులు 300, ఆఫీసర్లూ స్టాఫూ కలిపి 60. విషయం "ఉద్యోగ సంతృప్తి, ప్రేరణ". అమెరికన్ మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ సిద్ధాంతాన్ని పట్టుకుని 25 ప్రశ్నలు మీరే రాసుకున్నారు. హెచ్‌ఆర్ చేత 100 మందికి పంచి, శాతాలు కట్టి, వయసుతో, అనుభవంతో కై స్క్వేర్ (రెండు వివరాలకి సంబంధం ఉందో లేదో చూసే పరీక్ష) వేద్దామనుకున్నారు. గైడ్ "ఇందులో నువ్వు కొలుస్తున్నదేమిటి?" అని వెనక్కి పంపారు. ఏం మార్చాలి, ఎలా మార్చాలి?

గైడ్ సరైన చోటే వేలు పెట్టారు. మీ 25 ప్రశ్నల్లో సంతృప్తి గురించినవి, ప్రేరణ గురించినవి కలగలిసి ఉన్నాయి. అన్నిటినీ కూడి ఒక మార్కు వేస్తే ఆ మార్కు దేనిదో ఎవరూ చెప్పలేరు. ముందు ఆ రెంటినీ విడదీయండి. మిగతా మార్పులన్నీ దాని వెంటే వస్తాయి.

సంతృప్తి అంటే ఉద్యోగాన్ని తూకం వేసుకున్నాక మనసులో మిగిలే భావం. 1976లో ఎడ్విన్ లాక్ ఇచ్చిన నిర్వచనం సారం అదే. ప్రేరణ అంటే మనిషి తన శ్రమను ఎటు పెడతాడు, ఎంత గట్టిగా పెడతాడు, ఎంతకాలం నిలబెడతాడు అన్నది. ప్యాకింగ్ హాల్లో ఒక ఆపరేటర్‌ని ఊహించుకోండి. జీతం ఒకటో తారీఖున పడుతుంది, కంపెనీ బస్సు వీధి చివర దింపుతుంది, తోటివాళ్లు మంచివాళ్లు. అతనికి తృప్తి ఉంది. పనిలో మాత్రం చెప్పినంత చేస్తాడు, అంతే. అదే ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఒక కెమిస్టు. పరీక్ష తేడాగా వస్తే కారణం దొరికేదాకా కదలడు, కానీ జీతం మీద కోపంతో వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. మీ ప్రశ్నావళి ఈ ఇద్దరికీ దాదాపు ఒకే మార్కు వేస్తుంది. అందుకే అది పనికిరాదు.

హెర్జ్‌బర్గ్‌ని ఎందుకు వదిలేయమంటున్నానో చెప్పాలి. మన ప్రాంతపు ప్రాజెక్టు రిపోర్టుల్లో ఆయన లేని రిపోర్టు అరుదు. 1959లో ప్రచురించిన ఆ పరిశోధనలో పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లు, అకౌంటెంట్లు 203 మంది ఉన్నారు. పనిలో బాగా ఆనందం కలిగిన సందర్భం ఒకటి, బాగా బాధ కలిగిన సందర్భం ఒకటి చెప్పమన్నారు. ఆనందపు కథల్లో సాధన, గుర్తింపు, పని స్వభావం ఎక్కువగా వచ్చాయి. బాధ కథల్లో కంపెనీ విధానాలు, పర్యవేక్షణ లాంటివి వచ్చాయి. దీన్నిబట్టి సంతృప్తినిచ్చేవి ఒక జాతి, అసంతృప్తినిచ్చేవి ఇంకో జాతి అన్నారు. 1964లోనే విక్టర్ వ్రూమ్ దీన్ని ప్రశ్నించాడు. మంచి జరిగితే మనిషి తన ఖాతాలో వేసుకుంటాడు, చెడు జరిగితే పరిసరాల మీదికి నెడతాడు. కథ చెప్పించుకునే పద్ధతిలోనే ఆ విభజన పుట్టి ఉండొచ్చు కదా అని. వేరే పద్ధతుల్లో కొలిచినప్పుడు ఆ గీత అంత శుభ్రంగా నిలబడలేదు. పైగా మీరు కథలు అడగడం లేదు, అయిదు గడుల్లో టిక్కు పెట్టమంటున్నారు. దానితో హెర్జ్‌బర్గ్ సిద్ధాంతం నిజమనీ తేలదు, కాదనీ తేలదు. చరిత్రగా ఒక పేరాలో రాయండి, దాని మీద ఇల్లు కట్టకండి. మనిషి అవసరాలకి మెట్లు కట్టిన మాస్లో సంగతీ అంతే. 1943 వ్యాసం ఫ్యాక్టరీ కార్మికుల లెక్కల మీద కట్టింది కాదు. అందరూ అతికించే ఆ పిరమిడ్ బొమ్మ కూడా అందులో లేదు.

ఇంకో అలవాటు "తృప్తిగా ఉన్నవాడు బాగా పనిచేస్తాడు" అని మొదటి పేజీలోనే తేల్చేయడం. దీని మీద రెండు పెద్ద సమీక్షలున్నాయి. 1985లో యాఫల్డానో, ముచిన్‌స్కీ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు కలిపి చూస్తే సంతృప్తికీ పనితీరుకీ సహసంబంధం (రెండు విషయాలు ఎంతగా కలిసి నడుస్తాయన్న కొలత, 0 అంటే అసలు లేదు, 1 అంటే పూర్తిగా) 0.17 వచ్చింది. 2001లో టిమతీ జడ్జ్ బృందం 312 శాంపిళ్లు, 54,417 మంది లెక్కలు కలిపి చూస్తే, కొలతల లోపాలు సరిచేశాక 0.30 వచ్చింది. సరిచేయకముందు అది 0.18. 0.30 అన్నా దాని వర్గం 0.09, అంటే పనితీరులోని తేడాల్లో తొమ్మిది శాతం మాత్రమే సంతృప్తితో కలిసి నడుస్తోంది. జీతం, సంతృప్తి సంబంధంపై 2010లో జడ్జ్ బృందమే చేసిన సమీక్షలో అది 0.15 చుట్టూ తేలింది. ఈ అంకెలు ముందుగా తెలిసుంటే రెండు మేళ్లు: మీకు 0.20 వస్తే నిరాశపడరు, 0.75 వస్తే సంబరపడకుండా ఎక్కడ తప్పు జరిగిందో వెతుకుతారు.

ఇప్పుడు కొలమానాలు. సొంత ప్రశ్నలు వద్దు. నమ్మదగిన ప్రశ్నావళి తయారు చేయడానికే ఒక పీహెచ్‌డీ పడుతుంది.

సంతృప్తికి పాల్ స్పెక్టర్ 1985లో ప్రచురించిన జాబ్ శాటిస్ఫాక్షన్ సర్వే వాడండి, వాడుకలో జె.ఎస్.ఎస్. అంటారు. 36 వాక్యాలు, ఒక్కో వాక్యానికి 1 నుంచి 6 దాకా మార్కు. తొమ్మిది అంశాలు, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు: జీతం, పదోన్నతి, పర్యవేక్షణ, సౌకర్యాలు, పనికి దక్కే మెప్పూ ప్రతిఫలం, పని నియమాలు, తోటివాళ్లు, పని స్వభావం, సమాచారం అందడం. చదువుకూ పరిశోధనకూ ఉచితం. ఫలితాలు పంపమనే షరతు ఉంది, దాన్ని పాటించండి. మిన్నెసోటా ప్రశ్నావళి చిన్న రూపం, 1967 నాటిది, 20 వాక్యాలతో ఇంకా తేలిక. అందులో వ్యతిరేక వాక్యాలు లేవు కాబట్టి అనువాదం సులువు. అయితే జీతానికి ఒక్క వాక్యం, పదోన్నతికి ఒక్క వాక్యం అన్నట్టు ఉంటుంది. మీ ఫ్యాక్టరీ వాళ్లు "ఏ అంశంలో లోటుంది?" అని అడుగుతున్నారు కాబట్టి జె.ఎస్.ఎస్. తప్పదు.

ప్రేరణకి గాన్యే బృందం 2015లో ప్రచురించిన పని ప్రేరణ కొలమానం సరిపోతుంది. 19 వాక్యాలు, 7 మార్కుల స్కేలు. ఏడు భాషల్లో, తొమ్మిది దేశాల్లో పరీక్షించారు. ఇది "మీకు ఎంత ప్రేరణ ఉంది?" అని అడగదు. "ఈ ఉద్యోగంలో మీరు శ్రమపడుతున్నది ఎందుకు?" అని అడిగి ఆరు రకాల కారణాలకి మార్కులు వేయిస్తుంది. ఏ కారణమూ లేకపోవడం, ఇతరుల మెప్పు లేదా విమర్శ, డబ్బు లేదా ఉద్యోగ భద్రత, చేయకపోతే తనకే సిగ్గనిపించడం, పని విలువైనదని నమ్మడం, పనిలోనే ఆసక్తి. దీని వెనక డెసీ, రయన్‌ల స్వయం నిర్ణయ సిద్ధాంతం ఉంది, మనిషి శ్రమ బయటి ఒత్తిడితోనా, సొంత ఇష్టంతోనా అని చూసేది. ఈ ఆరింటినీ కూడి ఒక మార్కు వేయకండి. కారణం లేనివాడినీ ఆసక్తి ఉన్నవాడినీ కూడితే అర్థం లేదు. ఆరు మార్కులూ విడిగానే ఉంచండి.

ఈ రెండింటికీ తోడు హ్యాక్‌మన్, ఓల్డ్‌హమ్‌ల పని లక్షణాల నమూనాని సాహిత్య సమీక్షలో తప్పక పెట్టండి. 1970ల మధ్యలో వచ్చింది. నైపుణ్య వైవిధ్యం, పని మొత్తం తన చేతిమీదుగా సాగడం, పని ప్రాముఖ్యం, ఈ మూడింటి సగటుని స్వేచ్ఛతో గుణించి, దాన్ని మళ్లీ ఫలితం తెలియడంతో గుణిస్తారు. గుణకారం అన్నది గమనించండి. స్వేచ్ఛ మార్కు అట్టడుగున ఉంటే మిగతావి ఎంత బాగున్నా మొత్తం పడిపోతుంది. మందుల ఫ్యాక్టరీలో ప్రతి అడుగూ రాతపూర్వక విధానం ప్రకారం జరగాలి, స్వేచ్ఛ సహజంగానే తక్కువ. అందుకని అక్కడ మార్చగలిగినవి వేరే చోట్ల వెతకాలి: పని మార్పిడి, బ్యాచ్ ఫలితం ఆపరేటర్‌కి తెలియజేయడం లాంటివి.

ఇక అసలు చిక్కు అనువాదం. తెలుగులో చేసే సర్వేలు ఎక్కువగా ఇక్కడే చెడతాయి, రిపోర్టులో దీని గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు.

మొదట, "తృప్తి" అన్న మాట. మనకి తృప్తి ఒక సుగుణం. ఉన్నదాంతో తృప్తిపడాలని చిన్నప్పటి నుంచీ వింటాం. "మీ జీతంతో తృప్తిగా ఉన్నారా?" అని అడిగితే జీతం సంగతి వదిలేసి తన వ్యక్తిత్వం గురించి అడిగారనుకుని "ఆ, ఉన్నాను" అనేస్తారు. దానికి బదులు "నేను చేసే పనికి నాకొచ్చే జీతం సరిపోయినట్టే ఉంది" అన్న ధోరణిలో వాక్యం ఉంటే జవాబు జీతం మీదికి వస్తుంది. జె.ఎస్.ఎస్. వాక్యాలు చాలావరకు ఈ తరహావే కావడం మన అదృష్టం.

రెండోది ఇంకా కష్టం. జె.ఎస్.ఎస్.లో 36కి 19 వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉంటాయి. తెలుగులో "లేదు", "కాదు" వాక్యం చివర వస్తాయి. "నాకు ఇక్కడ గుర్తింపు లేదు" అని చదివి, నిజంగానే గుర్తింపు లేని మనిషి "ఒప్పుకోను" గడిలో టిక్కు పెడతాడు. అతని మనసులో "ఈ పరిస్థితిని నేను ఒప్పుకోను" అని ఉంది, మీ లెక్కలో "గుర్తింపు ఉంది" అని పడుతుంది. దీనికి మందు వాక్యాన్ని అనుకూల క్రియతో ముగించి, వ్యతిరేకార్థాన్ని మాటలో పెట్టడం. "నేను చేసిన పని ఎవరి కంటా పడకుండా పోతుంది" అన్నట్టు. అలాగే "ఒప్పుకుంటాను, ఒప్పుకోను" బదులు "నా విషయంలో అసలు నిజం కాదు, నిజం కాదు, అంతగా నిజం కాదు, కొంతవరకు నిజం, నిజం, పూర్తిగా నిజం" అన్న ఆరు గడులు కార్మికులకి బాగా పడతాయి. "కొంచెం ఒప్పుకోను" అనేది తెలుగే కాదు. గడుల మాటలు మార్చితే మూలం నుంచి తప్పుకున్నట్టే కాబట్టి రిపోర్టులో ఆ సంగతి రాయాలి.

మూడోది ఫ్యాక్టరీ మాటలు. "పర్యవేక్షకుడు" అంటే కాంట్రాక్టు కార్మికుడికి ఎవరు? కంపెనీ షిఫ్ట్ ఇన్‌చార్జా, కాంట్రాక్టర్ మనిషా? జీతం కోసేది ఒకరు, పని చెప్పేది ఒకరు. "రోజూ మీకు పని చెప్పే మనిషి" అని ఫారం పైనే రాయండి. "ప్రయోజనాలు" అంటే ఎవరికీ ఏమీ తట్టదు, "పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., బోనస్, క్యాంటీన్, బస్సు లాంటివి" అని ఆ భాగం తలకట్టులో చెప్పండి. పని నియమాల వాక్యాల్లో కాగితాల పని గురించి వస్తుంది. మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ రికార్డు రాయడం చట్టరీత్యా తప్పనిసరి పని. అక్కడ మార్కు తక్కువొస్తే మేనేజ్‌మెంట్ తప్పని తీర్మానించకండి. పదోన్నతి వాక్యాలు కాంట్రాక్టు కార్మికుడికి వర్తించవు, అతని ముందు నిచ్చెనే లేదు. "పర్మనెంట్ చేస్తారు" అని మార్చి రాయాలనిపిస్తుంది, రాయకండి, అది వేరే ప్రశ్న అవుతుంది. వాళ్లకి ఆ నాలుగూ వర్తించవని గుర్తు పెట్టి, పదోన్నతి అంశాన్ని పర్మనెంట్ వాళ్లకీ స్టాఫ్‌కీ మాత్రమే లెక్కించండి. అప్పుడు కాంట్రాక్టు వారి మొత్తం మార్కుని 36 వాక్యాల మొత్తంతో పోల్చకూడదు. ఎనిమిది అంశాల మొత్తాన్ని అందరికీ కట్టి పోల్చండి.

పద్ధతి ఇలా సాగాలి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. కూర్చుని ఒక రూపానికి వస్తారు. ఇంగ్లిష్ మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తాడు. రెండు ఇంగ్లిష్‌లూ పక్కపక్కన పెట్టి తేడాలు సరిచేస్తారు. 1970లో బ్రిస్లిన్ సూచించిన దారి ఇది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, ఆపకండి. ఎనిమిది నుంచి పది మంది కార్మికులని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ప్రతి వాక్యం చదివి "దీన్ని మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. ముగ్గురు వేరేగా చెప్పిన వాక్యం మార్చాల్సిందే. ఆ తర్వాత 30 మందితో పైలట్, అంటే అసలు సర్వేకి ముందు చిన్న ట్రయల్. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. మీ 300 మందిలో వాళ్లెంతమందో ముందే చూడండి. హిందీ ఫారం లేకపోతే వాళ్లంతా శాంపిల్ నుంచి జారిపోతారు, లేదా పక్కవాడి ఫారం చూసి నింపుతారు.

శాంపిల్ లెక్క. 95 శాతం నమ్మకం, 5 శాతం పొరపాటు మేరకు పెద్ద జనాభాకి 384 కావాలి. 600కి సరిచేస్తే 384ని (1 + 383/600)తో భాగించాలి: 234. ఇది శాతాలు చెప్పడానికి. సహసంబంధాలకి వేరే లెక్క ఉంది. 80 శాతం బలంతో (సంబంధం నిజంగా ఉంటే పదిలో ఎనిమిదిసార్లు దొరికేలా) 0.30 పట్టుకోవాలంటే 85 మంది, 0.20కి 194, పైన చెప్పిన 0.18కి 240. మీరనుకున్న 100 మందితో 0.30 కంటే చిన్న సంబంధం చాలాసార్లు కనబడదు. అప్పుడు "సంబంధం లేదు" అని తప్పుగా రాస్తారు.

234ని వాటాల ప్రకారం పంచితే పర్మనెంట్ 94, కాంట్రాక్టు 117, స్టాఫ్ 23. పదిలో ఇద్దరు ఇవ్వరనుకుంటే మొదటి రెండు గుంపుల్లో 118, 146 ఫారాలు పంచాలి, అంటే రమారమి ప్రతి రెండో మనిషి. టోకెన్ నంబర్ల జాబితా తీసుకుని, నాణెం ఎగరేసి ఒకటో నంబరుతోనో రెండో నంబరుతోనో మొదలుపెట్టి, ఒకటి విడిచి ఒకటి తీసుకోండి. జాబితా విభాగాల వారీగా ఉంటే మరీ మంచిది, ప్రతి విభాగమూ వస్తుంది. స్టాఫ్ 23 మందితో ఏమీ తేలదు కాబట్టి 60 మందికీ ఇవ్వండి. మొత్తం ఫ్యాక్టరీ సగటు కట్టేటప్పుడు మాత్రం మూడు గుంపులకూ అసలు వాటాల ప్రకారం (40, 50, 10 శాతం) బరువు ఇవ్వండి. కాంట్రాక్టు జాబితా కంపెనీ దగ్గర ఉండకపోవచ్చు, కాంట్రాక్టర్ల మస్టర్ అడగాలి. అడగడం ఇబ్బందని పర్మనెంట్ వాళ్లతో సరిపెట్టేస్తే మీ సర్వే సగం ఫ్యాక్టరీని చూడనట్టే.

ఫారాలు హెచ్‌ఆర్ పంచకూడదు. ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. హెచ్‌ఆర్ చేతికి తిరిగి వెళ్లే కాగితం మీద ఎవరూ నిజం రాయరు. ఈమెయిల్ అడిగే ఆన్‌లైన్ ఫారం కూడా అంతే. పేరు, టోకెన్ నంబరు అడగకండి. "విభాగం, వయసు, అనుభవం, చదువు, ఆడ మగ" అన్నీ అడిగితే పేరు రాసినట్టే, పది మంది ఉన్న విభాగంలో 50 దాటిన ఆమె ఒక్కరే ఉంటారు. వయసుకి మూడు గుంపులు, అనుభవానికి మూడు గుంపులు చాలు. క్యాంటీన్ దగ్గర తాళం వేసిన పెట్టె పెట్టండి, తాళం చెవి మీ దగ్గర ఉండాలి. ఎ, బి, సి మూడు షిఫ్టుల్లోనూ మీరే వెళ్లండి. సి షిఫ్టు వదిలేయడం చాలా మామూలు తప్పు, రాత్రి పని చేసేవాళ్ల పరిస్థితులు వేరు. ఇన్‌చార్జి లేని చోట, డ్యూటీ సమయంలోనే 20 నిమిషాలు ఇప్పించుకోండి. షిఫ్టు దిగాక అడిగితే బస్సు కోసం తొందరలో వరసగా టిక్కులు పెట్టేస్తారు. చదవడం కష్టమైనవాళ్లకి మీరు చదివి వినిపించవచ్చు. సూపర్‌వైజర్ మాత్రం చదవకూడదు.

మార్కులు వేయడంలో జాగ్రత్తలు. జె.ఎస్.ఎస్.లో తిప్పాల్సిన వాక్యాలు 2, 4, 6, 8, 10, 12, 14, 16, 18, 19, 21, 23, 24, 26, 29, 31, 32, 34, 36. వీటికి మార్కు 7లోంచి తీసేయాలి: 6 అని రాస్తే 1, 2 అని రాస్తే 5. మొత్తం 36 నుంచి 216 దాకా ఉంటుంది. 108 లోపు అసంతృప్తి, 144 పైన సంతృప్తి, మధ్యది అటూ ఇటూ కానిది అన్నది స్పెక్టర్ సూచించిన పొందిక. దాన్ని గట్టి గీతగా కాకుండా దారి చూపే గుర్తుగా తీసుకోండి.

ఇందులో ఒక ఉచ్చు ఉంది, చాలామంది చూడరు. చదవకుండా అన్నిటికీ 6 పెట్టినవాడి మార్కు ఎంత? తిప్పనివి 17, వాటికి 102. తిప్పినవి 19, వాటికి 19. మొత్తం 121. అన్నిటికీ 4 పెడితే 125. అన్నిటికీ 1 పెడితే 131. అంటే చదవకుండా ఒకే గడి నింపినవాళ్లంతా 121, 131 మధ్య పడతారు, సరిగ్గా "అటూ ఇటూ కాని" పట్టీలో. మీ సగటు 125 చుట్టూ వచ్చి "కార్మికులు మధ్యస్థంగా ఉన్నారు" అని రాయబోతుంటే, ముందు తిప్పకముందరి మార్కులు తీసి ఒక్కో ఫారంలో ఎన్ని రకాల అంకెలున్నాయో చూడండి. 36 వాక్యాలకీ ఒకే అంకె ఉన్న ఫారాలు తీసేయాలి. ఎన్ని తీశారో రాయాలి.

తర్వాత క్రోన్‌బాక్ ఆల్ఫా, అంటే ఒక కొలమానంలోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది. మొత్తం స్కేలుకి స్పెక్టర్‌కి 0.91 వచ్చింది. నాలుగేసి వాక్యాల అంశాల్లో తోటివాళ్లకి 0.60, పని నియమాలకి 0.62 మాత్రమే వచ్చాయి. కాబట్టి మీకు ఆ రెండింట్లో 0.55 వస్తే కంగారు పడకండి. అంతకన్నా చాలా తక్కువొచ్చినా, మైనస్ వచ్చినా, ముందు తిప్పడం మరిచారేమో చూడండి, ఆ తర్వాత ఆ వాక్యం అనువాదం చూడండి. "ఈ వాక్యం తీసేస్తే ఆల్ఫా పెరుగుతుంది" అని సాఫ్ట్‌వేర్ చెప్పగానే తీసేయకండి. నాలుగులో ఒకటి తీస్తే మీ ఫలితాన్ని వేరేవాళ్లతో పోల్చలేరు. తీయాల్సివస్తే రెండు విధాలా లెక్క చూపించండి. ఒక అంశంలో ఒక్క జవాబు ఖాళీగా ఉంటే ఆ మనిషి మిగతా మూడింటి సగటు పెట్టవచ్చు. రెండు ఖాళీ అయితే ఆ అంశం వదిలేయండి.

విశ్లేషణలో కై స్క్వేర్ పట్టికల వరదని ఆపండి. అయిదు వ్యక్తిగత వివరాలు, పది మార్కులు అంటే 50 పరీక్షలు. ఏ సంబంధమూ లేకపోయినా 0.05 గీత దగ్గర (నూటికి అయిదుసార్లు యాదృచ్ఛికంగా తప్పు పడే మేర) రెండు మూడు "ముఖ్యమైనవి"గా బయటపడతాయి. రిపోర్టు చివర "అనుభవానికీ క్యాంటీన్‌కీ సంబంధం ఉంది" లాంటి వింతలు ఇలాగే పుడతాయి. ఫారాలు పంచకముందే మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి గైడ్ చేత సంతకం పెట్టించండి. ఉదాహరణకి: పదోన్నతి పోగా మిగిలిన ఎనిమిది అంశాల్లో పర్మనెంట్, కాంట్రాక్టు తేడా ఎక్కువ ఎక్కడ? పని స్వభావంతో సంతృప్తి, పనిలో ఆసక్తి కలిసి నడుస్తున్నాయా? జీతంతో సంతృప్తికి డబ్బు కోసం శ్రమపడడానికీ సంబంధమేమిటి? మార్కుల్ని మార్కులుగానే ఉంచి సగటులు, సహసంబంధాలు, రిగ్రెషన్ (కొన్ని మార్కుల నుంచి ఇంకో మార్కుని అంచనా వేసే లెక్క) చేయండి. "ఎక్కువ, తక్కువ" అని రెండు ముక్కలు చేస్తే సమాచారం సగం పోతుంది.

రెండు కొలమానాలకీ ఒకే మనిషి, ఒకే కూర్చోవడంలో, ఒకే మూడ్‌లో జవాబిస్తే సంబంధం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. చాలామంది హర్మన్ ఒకే కారకం పరీక్ష (జవాబులన్నీ ఒకే కారణంలో ఒదుగుతాయేమో చూసేది) చేసి "ఆ దోషం లేదు" అని రాస్తారు. ఆ పరీక్షకి దాన్ని పట్టే శక్తి లేదు. అసలైన మార్గం ఎడం పెట్టడం: ఈ వారం జె.ఎస్.ఎస్., రెండు వారాల తర్వాత ప్రేరణ కొలమానం. పేరు లేకుండా జత కలపడానికి ఎవరికి వారే కట్టుకునే గుర్తు చాలు: అమ్మ పేరు మొదటి రెండక్షరాలు, పుట్టిన తేదీ, ఫోన్ చివరి రెండంకెలు. కాంట్రాక్టువాళ్లు ఈలోపు మారిపోతారు కాబట్టి ఆ గుంపులో మొదటి విడతకి ఇంకొంచెం ఎక్కువమందిని తీసుకోండి. విభాగాల వారీగా గైర్హాజరు లెక్క దొరికితే అది బంగారం, టిక్కుల మీద ఆధారపడని ఒక్క కొలత అదే. దాన్ని విభాగం స్థాయిలోనే వాడండి, మనుషుల పేర్లతో అడగకండి.

ఇంత చేసినా ఒకసారి తీసిన సర్వే కారణాన్ని చూపదు. "గుర్తింపు పెంచితే ప్రేరణ పెరుగుతుంది" అని రాయలేరు, "గుర్తింపు ఉందన్నవాళ్లలో ఈ రకం ప్రేరణ ఎక్కువగా ఉంది" అని రాయగలరు. కారణం తేలాలంటే ఏదైనా మార్చి చూడాలి. అలాంటి రెండు పాత ఉదాహరణలు మన దేశంలోనే ఉన్నాయి, సాహిత్య సమీక్షలో అందరూ రాసే అమెరికా హాథార్న్ ఫ్యాక్టరీ ప్రయోగాలకి బదులు వీటికి చోటివ్వండి. 1953లో లండన్‌లోని టావిస్టాక్ పరిశోధన సంస్థకి చెందిన ఎ.కె. రైస్ అహ్మదాబాద్ క్యాలికో మిల్లులో పని చేశాడు. 224 ఆటోమేటిక్ మగ్గాల దగ్గర 29 మంది 12 రకాల ముక్కల పనులు చేస్తున్నారు, ఎవరు ఎవరి జట్టో ఎవరికీ తెలియని పరిస్థితి. కొన్ని మగ్గాలు మొత్తంగా ఒక చిన్న బృందం బాధ్యతగా మార్చాక ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. యంత్రాలు అవే.

రెండోది మన ఇంటి కథే. 1964లో అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ చిన్న వ్యాపారులని యాభై మందికి పైగా తీసుకుని, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో సాధనా ప్రేరణ (ఏదైనా సాధించాలన్న తపన) మీద శిక్షణ ఇచ్చింది. ఆ సంస్థే నేటి ని-ఎం.ఎస్.ఎం.ఈ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ), యూసుఫ్‌గూడలో ఉంది. తర్వాతి కాలంలో కొత్త పెట్టుబడుల్లో, కొత్త ఉద్యోగాలు కల్పించడంలో వాళ్లు శిక్షణ పొందనివాళ్లకంటే ముందున్నారు. వాళ్లు పోల్చడానికి శిక్షణ లేని గుంపుని పెట్టుకున్నారు, అందుకే ఆ మాట అనగలిగారు. ప్రేరణని టిక్కులతో కాకుండా, బొమ్మ చూపించి కథ రాయించి కొలిచే సంప్రదాయం వాళ్లది. తెలుగు నేల మీద తెలుగు వ్యాపారులతో జరిగిన ఈ పని మన రిపోర్టుల్లో కనబడకపోవడం బాధాకరం.

సూచనల అధ్యాయంలో "జీతాలు పెంచాలి, శిక్షణ ఇవ్వాలి, సంబంధాలు మెరుగుపరచాలి" అని రాయకండి, ఆ వాక్యాలకి సర్వే అక్కర్లేదు. ఏ అంశంలో, ఏ గుంపులో, ఎన్ని మార్కుల తేడా వచ్చిందో చెప్పి, దాన్ని మార్చే అధికారం ఫ్యాక్టరీలో ఎవరి చేతిలో ఉందో చెప్పండి. సమాచారం అందడంలో కాంట్రాక్టువారి మార్కు తక్కువైతే షిఫ్టు మొదట్లో అయిదు నిమిషాల మాట్లాడుకోలు ప్లాంట్ మేనేజర్ రేపే మొదలుపెట్టగలడు. రెండు విభాగాల్లో మొదలుపెట్టించి, రెండింటిని అలాగే ఉంచి, మూడు నెలల తర్వాత మళ్లీ కొలవమని రాయండి. పదిమంది కన్నా తక్కువున్న ఏ గుంపు సగటునీ రిపోర్టులో వేయకండి, హెచ్‌ఆర్ అడిగినా ఇవ్వకండి.

మీకు ఎనిమిది వారాలే ఉన్నాయన్నారు కాబట్టి పంపకం ఇలా: అనువాదానికీ కార్మికులతో కూర్చోవడానికీ రెండు వారాలు, పైలట్‌కి ఒకటి, మొదటి విడతకి ఒకటి, రెండు వారాల ఎడం, ఆ ఎడంలోనే మార్కులు ఎక్కించడం, రెండో విడతకి ఒకటి, లెక్కలకీ రాయడానికీ చివరి వారం. లెక్కల ఫైలూ పట్టికల నమూనాలూ పైలట్ డేటాతో ముందే సిద్ధంగా ఉంటేనే ఆ చివరి వారం సరిపోతుంది. అప్పటికీ కుదరకపోతే రెండో విడత వదిలి, రెండు కొలమానాలూ ఒకేసారి ఇచ్చి, ఆ లోపాన్ని పరిమితుల్లో రాయండి. అనువాదపు రెండు వారాలు మాత్రం కోయకండి.